రక్తం తీసే ఉద్యోగం: నా అనుభవం

నీట్‌లో సీటు రాక, నర్సింగ్‌లో చేరాలా ల్యాబ్ కోర్సులో చేరాలా అని తేల్చుకోలేని పిల్లలు మా చుట్టాల్లో ఏటా ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తుంటారు. "అక్కా, రక్తం తీయడమే కదా, ఎన్ని నెలల్లో వచ్చేస్తుంది?" అని అడుగుతారు. సూది గుచ్చడం తొందరగానే వస్తుంది. ఎవరి చేయి, ఏ ట్యూబు, ఆ ట్యూబు మీద ఎవరి పేరు, అది ల్యాబ్‌కు ఎలా చేరింది అనే నాలుగు సంగతులు రోజూ, అలసిపోయిన రోజున కూడా, తప్పకుండా చూసుకోవడం అలవాటవడానికి మాత్రం చాలా కాలం పడుతుంది. ఫోన్‌లో అంతా చెప్పలేకపోతున్నాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మాది సూర్యాపేట దగ్గర ఒక పల్లె. ఇంటర్ బైపీసీ అయ్యాక హైదరాబాద్‌లో డీఎంఎల్‌టీ (డిప్లొమా ఇన్ మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) చేశాను. పారామెడికల్ బోర్డు కింద రెండేళ్ల డిప్లొమా అది. ఇంటర్ ఉండాలి, సీట్లలో బైపీసీ వాళ్లకు ముందు అవకాశం. ఇంటర్‌లోనే ఒకేషనల్ ఎంఎల్‌టీ తీసుకుని, తర్వాత ఏడాది ఆస్పత్రిలో అప్రెంటిస్ చేసి వచ్చేవాళ్లున్నారు. బీఎస్సీ ఎంఎల్‌టీ చేసినవాళ్లున్నారు. ఒక్క రక్తం తీయడం వరకే నేర్పే కొన్ని నెలల సర్టిఫికెట్ కోర్సులు కూడా నైపుణ్య శిక్షణ పథకాల్లో వచ్చాయి. తొందరగా సంపాదన కావాలంటే ఆ చిన్న కోర్సు మంచిదే. కానీ నన్నడిగితే డీఎంఎల్‌టీ అయినా చేయమంటాను. ఒట్టి కలెక్షన్ వరకే తెలిసినవాళ్లకు కొన్నేళ్లయ్యాక ముందుకు దారి ఉండదు. ప్రభుత్వ ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు పడినా దరఖాస్తు చేయలేరు. తెలంగాణలో 2024లో 1,284 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చినప్పుడు, పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ చేయించుకోకుండా వదిలేసిన నా స్నేహితురాళ్లు సర్టిఫికెట్లు పట్టుకుని ఉరుకులు పరుగులు పెట్టారు. కోర్సు అయిన వెంటనే ఆ పని చేసుకోండి.

కాలేజీలో రక్తం తీయడం గురించి చెప్పింది తక్కువ. బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, పాథాలజీ పాఠాల మధ్య రబ్బరు చేయి మీద కొన్ని క్లాసులు, అంతే. రబ్బరు చేతిలో నరం, అంటే మేం రక్తం తీసే సిర, ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది, జారిపోదు, భయపడదు. అసలు చదువు ఒక పెద్ద ప్రభుత్వాస్పత్రి శాంపిల్ కౌంటర్‌లో మొదలైంది. పొద్దున ఎనిమిదింటికే గేటు దాటి లైను ఉండేది. మాకు నేర్పిన సీనియర్ టెక్నీషియన్ సార్ మొదటి వారం మా చేతికి సూది ఇవ్వలేదు. టోర్నికెట్ (చేతికి బిగించే పట్టీ) కట్టి, కళ్లు మూసుకుని చూపుడు వేలితో నరం వెతకమనేవారు. కంటికి నీలంగా కనిపించే నరం చాలాసార్లు పైపైన ఉండే సన్నటిది, గుచ్చితే పగిలిపోతుంది. వేలికింద మెత్తగా ఉండి, నొక్కి వదిలితే మళ్లీ పైకి లేచేది మనకు కావాల్సింది. గట్టిగా తాడులా తగిలితే అది స్నాయువు, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచేది. వేలికింద కొట్టుకుంటుంటే ధమని, అక్కణ్నుంచి చేయి తీసేయాలి.

మోచేతి మడతలో మనం వెతికేవి మూడు నరాలు. మధ్యలో ఉండేది మీడియన్ క్యూబిటల్, మొదట దాన్నే చూస్తాం. బొటనవేలి వైపు ఉండేది సెఫాలిక్. చిటికెనవేలి వైపు ఉండే బేసిలిక్ లావుగా కనిపించి ఊరిస్తుంది కానీ దానికి దగ్గర్లోనే పెద్ద ధమని, స్పర్శ తెలిపే నాడి (నెర్వ్) పోతుంటాయి. అందుకని అది చివరి దారి. ఎవరైనా "కరెంట్ కొట్టినట్టు వేళ్ల దాకా జివ్వుమంది" అంటే సూది నాడికి తగిలిందని అర్థం. వెంటనే తీసేయాలి. ఇంకొంచెం అటు తిప్పి చూద్దాం అనుకోకూడదు.

చేసే పని చెప్తే చిన్నదే. గుచ్చే చోటికి మూడు నాలుగు అంగుళాలు పైన టోర్నికెట్. అది ఒక్క నిమిషానికి మించి ఉండకూడదు. ఎక్కువసేపు బిగించి ఉంచితే నీరు బయటికి పోయి రక్తం చిక్కబడుతుంది, ప్రోటీన్, కాల్షియం లాంటివి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. స్పిరిట్ దూదితో తుడిచాక ముప్పై సెకన్లు ఆరనివ్వాలి. లైను పొడవు చూసి చాలామంది ఇక్కడే తొందరపడతారు. తడి మీద గుచ్చితే పేషెంటుకు మంట, పైగా స్పిరిట్ కలిసి ఎర్ర కణాలు పగులుతాయి. సూది వాలుముఖం పైకి ఉండాలి, పదిహేను నుంచి ముప్పై డిగ్రీల వాలులో లోపలికి వెళ్లాలి. రక్తం రావడం మొదలవగానే టోర్నికెట్ వదులు చేయాలి. టోర్నికెట్ ఉండగానే సూది లాగేస్తే రక్తం చర్మం కిందికి పోయి చేయి కమిలిపోతుంది. తీశాక మోచేయి మడిచి పెట్టుకోవడం మన జనానికి అలవాటు. చేయి చాపి, దూది మీద వేలితో గట్టిగా నొక్కి పట్టుకోవాలి. ఈ ఒక్క మాట నేను రోజుకు ఎన్నిసార్లు చెప్తానో లెక్కలేదు. అసిట్రోమ్, ఆస్పిరిన్ లాంటి రక్తం పల్చబరిచే మందులు వాడేవాళ్లయితే ఐదు నిమిషాలు నేనే నొక్కి పట్టుకుని, ఆగిందని చూశాకే కదులుతాను.

రంగు మూతల ట్యూబుల దగ్గరికి వద్దాం. బయటివాళ్లకు అవి రంగులే, మాకు మాత్రం అందులోనే సగం ఉద్యోగం ఉంది. నీలం మూతలో రక్తం గడ్డకట్టకుండా ఆపే సోడియం సిట్రేట్ ఉంటుంది. పీటీ, ఏపీటీటీ లాంటి గడ్డకట్టే టెస్టులకు. తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు సిట్రేట్ లెక్క కాబట్టి గీత దాకా నిండి తీరాలి. ఎరుపు, పసుపు మూతలు సీరం కోసం, అంటే రక్తం గడ్డకట్టాక విడిపోయే పసుపు నీరు. ఆకుపచ్చలో హెపారిన్, అదీ గడ్డకట్టనివ్వదు. పర్పుల్‌లో ఈడీటీఏ, అదీ అలాంటిదే; రక్తకణాలు లెక్కపెట్టే సీబీపీకి, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీకి. గ్రే మూతలో ఫ్లోరైడ్, షుగర్‌కు. ఒకే సూదితో అన్నీ తీయాల్సి వచ్చినప్పుడు కూడా ఇదే వరుస: బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములున్నాయా అని పెంచి చూసే టెస్టు) ఉంటే అది మొదట, తర్వాత నీలం, ఎరుపు లేదా పసుపు, ఆకుపచ్చ, పర్పుల్, చివరికి గ్రే. ముందు ట్యూబులోని మందు చుక్క తర్వాతి ట్యూబులోకి వెళ్లినా రిపోర్టు చెడకుండా పెట్టిన వరుస ఇది. నింపిన వెంటనే మెల్లగా తిరగేయాలి. నీలం మూడు నాలుగు సార్లు, పర్పుల్ ఎనిమిది నుంచి పది సార్లు. ఊపకూడదు. ఊపితే కణాలు పగిలి శాంపిల్ హీమోలైజ్ అవుతుంది. తిరగేయకుండా వదిలేస్తే పర్పుల్‌లో గడ్డ కడుతుంది. రెండిట్లో ఏదైనా పేషెంటుకు మళ్లీ సూది తప్పదు.

ఒక ట్యూబులోని మందు ఇంకో ట్యూబులో కలిస్తే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. పేరు చెప్పను గానీ, నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో వార్డు నుంచి ఒక పెద్దాయన శాంపిల్ వచ్చింది. పొటాషియం తొమ్మిది దాటింది. కాల్షియం అడుగంటింది. ఆ అంకె నిజమైతే గుండె ఆగిపోయే పరిస్థితి. బయోకెమిస్ట్రీలో ఉన్న మేడమ్ రిపోర్టు విడుదల చేయకుండా ఆపి, నన్ను వార్డుకు పంపారు. వెళ్లేసరికి ఆయన మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నారు. విచారిస్తే తెలిసింది, ఎర్ర మూత ట్యూబులో రక్తం చాల్లేదని ఎవరో పర్పుల్ ట్యూబులోంచి అందులోకి కొంచెం వంపారు. ట్యూబులో ఉండేది పొటాషియం ఈడీటీఏ. దాంట్లోని పొటాషియం లెక్కలోకి వచ్చింది, ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేసుకుంది. కొత్తగా తీసి పంపితే రెండూ మామూలుగానే ఉన్నాయి. మేడమ్ గమనించకపోతే ఏమీలేని మనిషికి పొటాషియం దించే ఇంజెక్షన్లు మొదలయ్యేవి. ల్యాబ్‌లో జరిగే తప్పుల్లో సగానికి పైగా శాంపిల్ మెషిన్‌లోకి వెళ్లకముందే జరుగుతాయని మాకు క్లాసులో చెప్పారు. ఆ రోజు తర్వాత ఆ మాట నాకు మళ్లీ ఎవరూ గుర్తుచేయాల్సిన పని లేకపోయింది.

అంతకన్నా భయపెట్టేది పేరు. మన దగ్గర ఒక వార్డులో ఇద్దరు లక్ష్ములు, ముగ్గురు శ్రీనివాసులు ఉండటం వింతేం కాదు. "మీరు లక్ష్మిగారేనా?" అని అడగకూడదు. చెవి సరిగా వినబడని పెద్దవాళ్లు, మత్తులో ఉన్నవాళ్లు, డాక్టరమ్మ వచ్చిందన్న భయంలో ఉన్నవాళ్లు దేనికైనా ఆఁ అంటారు. "మీ పూర్తి పేరు చెప్పండమ్మా, వయసెంత?" అని వాళ్ల నోటితోనే చెప్పించాలి. దాన్ని కాగితంతో, చేతికున్న బ్యాండుతో సరిచూడాలి. లేబుల్ రక్తం తీశాక, మంచం దగ్గరే, ఆ మనిషి ఎదురుగానే అంటించాలి. ముందే లేబుళ్లు అంటించి ట్రేలో పేర్చుకుని బయల్దేరేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ టెన్షన్. షుగర్ రిపోర్టు తారుమారైతే మళ్లీ చూసుకోవచ్చు. బ్లడ్ గ్రూపు, క్రాస్‌మ్యాచ్ (ఎక్కించబోయే రక్తం సరిపడుతుందా అని చూసే టెస్టు) శాంపిల్ తారుమారైతే వేరే గ్రూపు రక్తం ఎక్కించి మనిషి ప్రాణం పోవచ్చు. ఆ ఒక్క శాంపిల్ విషయంలో పక్కన డాక్టర్ నిలబడి తొందరపెట్టినా నేను తొందరపడను.

ఆస్పత్రి తర్వాత కొన్నేళ్లు ఇళ్లకు వెళ్లి శాంపిళ్లు తీసే పని చేశాను. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, సైదాబాద్ వైపు. పొద్దున ఐదున్నరకు స్కూటీ మీద బయల్దేరాలి. పరగడుపు టెస్టులు కాబట్టి అందరికీ ఆరు నుంచి ఎనిమిది లోపే కావాలి. ఆలస్యమైతే షుగర్ మందులు వేసుకోవాల్సిన పెద్దవాళ్లు నీరసపడతారు, కోప్పడతారు, అందులో తప్పేం లేదు. వెళ్లగానే "పరగడుపునే ఉన్నారా?" అంటే "ఏం తినలేదమ్మా, జర చాయ్ తాగిన" అనే జవాబు మన ఊళ్లో మామూలు. చాయ్‌లో పాలు, చక్కెర రెండూ ఉన్నాయి కదా అని కసరకూడదు. మంచినీళ్లు తాగొచ్చని, చాయ్ వద్దని వాళ్లకు ముందురోజు ఎవరూ విడమరిచి చెప్పి ఉండరు. రేపు రమ్మంటే వస్తాను, ఇవాళే కావాలంటే పరగడుపు కాదని కాగితం మీద రాస్తాను. తిన్నాక తీసే షుగర్‌కు రెండు గంటల లెక్క మొదటి ముద్ద పెట్టుకున్నప్పటి నుంచి, చేయి కడుక్కున్నప్పటి నుంచి కాదు. ఇదీ చాలామందికి తెలియదు.

ఇంకో ప్రశ్న నేను ఎప్పుడూ అడుగుతాను: జుట్టుకు, గోళ్లకు ఏమైనా మాత్రలు వాడుతున్నారా అని. వాటిల్లో బయోటిన్ అనే విటమిన్ ఎక్కువ ఉంటుంది. కొన్ని మెషిన్లలో అది థైరాయిడ్ రిపోర్టును తలకిందులు చేస్తుంది, టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, టీ4 ఎక్కువగా చూపిస్తుంది. ఎవరైనా వాడుతున్నామంటే కాగితం మీద రాసి, డాక్టర్‌ను అడిగి రెండు మూడు రోజులు ఆపాక తీయించుకోమని చెప్తాను. ఈ ప్రశ్న కంపెనీ ఇచ్చిన ఫారంలో ఉండదు. అడిగితే అర నిమిషం పడుతుంది, అంతే.

బండి మీద శాంపిళ్లు మోయడానికీ లెక్కలున్నాయి. రక్తం ట్యూబులో ఉన్నా కణాలు షుగర్‌ను తింటూనే ఉంటాయి. సీరం వేరు చేయకుండా వదిలేస్తే గంటకు ఐదు నుంచి ఏడు శాతం దాకా తగ్గుతుంది. అందుకే షుగర్‌కు గ్రే మూత, అందులోని ఫ్లోరైడ్ ఆ తినడాన్ని తగ్గిస్తుంది. అలాగని అన్నిటినీ ఐసులో పడేయకూడదు. పొటాషియం చూడాల్సిన రక్తాన్ని సీరం వేరు చేయకముందే చల్లబరిస్తే పొటాషియం పెరిగినట్టు చూపిస్తుంది. అమ్మోనియాకు ఐసు తప్పనిసరి. బిలిరుబిన్‌కు వెలుతురు తగలకూడదు, పచ్చకామెర్ల పసిపిల్లల ట్యూబులను నల్ల కాగితంలోనో ఫాయిల్‌లోనో చుట్టి తెస్తాం. చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు నా కళ్లు గడియారం మీదే ఉండేవి, డబ్బాలో ఏ ట్యూబుకు ఎంత టైమ్ మిగిలిందా అని.

సైదాబాద్‌లో ఒక అవ్వ ఉండేది. ఎనభై దాటింది. మూడు నెలలకోసారి నేనే వెళ్లేదాన్ని. ఆమె చేతుల మీద చర్మం ఉల్లిపొరంత పల్చన, కింద నరాలు కనిపిస్తాయి గానీ ముట్టుకుంటే పక్కకు జారిపోతాయి. మొదటిసారి వెళ్లినప్పుడు చేయి చాపకుండా ఒళ్లో దాచుకుంది. "ఇంతకుముందు వచ్చిన పిల్లగాడు నాలుగు సార్లు పొడిచిండు బిడ్డా, వారం దినాలు నల్లగైంది" అంది. నేను సూది బయటికి తీయలేదు. కోడలితో గోరువెచ్చని నీళ్లలో ముంచిన టవల్ తెప్పించి చేతికి చుట్టాను, ఐదు నిమిషాలు మంచం పక్కకు చేయి వేలాడేసి కూర్చోబెట్టాను. ఆ కాసేపు ఆమె మనవడి పెళ్లి సంగతులు విన్నాను. రవిక చేతి మీంచి టోర్నికెట్ కట్టాను, చర్మం లాక్కుపోకుండా. బొటనవేలితో నరం కింది చర్మాన్ని కిందికి లాగి పట్టుకుంటే అది జారదు. సన్నటి 23 గేజ్ బటర్‌ఫ్లై (పట్టుకోవడానికి రెక్కలుండే) సూది, గాలి తీసేసిన వాక్యూమ్ ట్యూబు గట్టిగా గుంజితే నరం మూసుకుపోతుందని సిరంజితోనే, మెల్లగా. "ఎంత తీస్తవ్ బిడ్డా, నాకున్నదే జరంత" అంది. "చెంచాడే అవ్వా" అన్నాను. నిజంగానే ఐదు మిల్లీలీటర్లంటే ఒక టీ చెంచా. మనిషిలో కిలో బరువుకు 70 మిల్లీలీటర్ల లెక్కన రక్తం ఉంటుంది, నలభై కిలోల అవ్వకైనా రెండున్నర లీటర్లు దాటుతుంది. అయినా ఆమె భయం నాకు చిన్నదిగా అనిపించలేదు. అందుకే అలాంటివాళ్లకు ఎప్పుడూ చిన్న ట్యూబులే వాడతాను. తర్వాతి నుంచి "ఆ పిల్లనే పంపండి" అని ఫోన్‌లో అడిగేదట. ఆ మాట నేను అందుకున్న ఏ ఇన్సెంటివ్ కన్నా ఎక్కువనిపించింది.

రెండుసార్లు ప్రయత్నించి దొరక్కపోతే ఆపేసి ఇంకొకరిని పిలవాలన్నది ఈ పనిలో మర్యాద. పంతానికి పోవడానికి అది మన చేయి కాదు. అలాగే కొన్ని చేతులు ముట్టుకోకూడదు. డయాలసిస్ కోసం ఫిస్టులా పెట్టిన (ధమనిని, సిరను ఆపరేషన్‌తో కలిపిన) చేయి, దాని మీద వేలు పెడితే గరగరమని వణుకు తెలుస్తుంది, ఆ చేతిలో సూది, టోర్నికెట్ రెండూ వద్దు. రొమ్ము ఆపరేషన్ అయిన వైపు చేయి కూడా అంతే, డాక్టర్ సరేనంటే తప్ప. సెలైన్ ఎక్కుతున్న చేతిలో పై భాగం నుంచి తీస్తే రక్తంతో పాటు సెలైన్ వచ్చి, లేని తేడాలన్నీ చూపిస్తుంది.

పిల్లల దగ్గర నేను పెట్టుకున్న నియమం ఒకటే, నొప్పి ఉండదని అబద్ధం చెప్పను. "కొంచెం నొప్పి పెడుతుంది, మూడు అంకెలు లెక్కపెట్టేలోపు అయిపోతుంది" అంటాను. ఒక్కసారి అబద్ధం చెప్తే ఆ పిల్లాడు తర్వాత వచ్చే ఎవరినీ నమ్మడు. తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, ఆమె చేతులతోనే పట్టించాలి. నెలల పసికందులకు మడమ పక్క అంచున గుచ్చుతాం, మధ్యలో కాదు. మధ్యలో ఎముక చర్మానికి దగ్గరగా ఉంటుంది. రెండు మిల్లీమీటర్లకు మించి లోతు పోకూడదు.

కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు ముసలివాళ్లనుకుంటారు. నా అనుభవంలో ఎక్కువమంది జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లే. అందుకే మొదలుపెట్టే ముందే "ఎప్పుడైనా రక్తం తీస్తుంటే కళ్లు తిరిగాయా?" అని అడుగుతాను. అవునంటే పడుకోబెట్టే తీస్తాను. మాట ఆగిపోవడం, నుదుటి మీద చెమట, ఆవలింతలు, పెదాలు పాలిపోవడం, ఇవి కనిపించగానే టోర్నికెట్ విప్పి, సూది తీసి, పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి. నిలబడి ఉన్న మనిషికి ఎప్పుడూ రక్తం తీయకూడదు.

వానాకాలం డెంగీ రోజులు మాకు వేరే లోకం. ఒక్కో ఇంట్లో ముగ్గురికి జ్వరం, రోజు విడిచి రోజు ప్లేట్‌లెట్లు. అప్పుడు టోర్నికెట్ వదులుగా కట్టాలి, గట్టిగా బిగిస్తే చర్మం మీద ఎర్రచుక్కలు లేస్తాయి. తీశాక ఎక్కువసేపు నొక్కాలి. కొందరి రక్తంలో ఈడీటీఏ తగలగానే ప్లేట్‌లెట్లు ముద్దలు కట్టి, లక్షన్నర ఉన్నా మెషిన్ ఇరవై వేలు చూపిస్తుంది. స్లైడ్ మీద చూసి అనుమానం వస్తే సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీసుకురమ్మంటారు. అలా రెండోసారి వెళ్లినప్పుడు ఆ ఇంట్లోవాళ్లు "ఎంతున్నాయమ్మా, ఎక్కించాలా?" అని చేతులు పట్టుకుని అడుగుతారు. చెప్పాలని ఎంతగా అనిపించినా, రిపోర్టు మీద మాట్లాడే హక్కు నాకు లేదు. "డాక్టర్ చూసి చెప్తారు, నేను శాంపిల్ తొందరగా చేరేస్తాను" అని అంటాను. ఆ రెండో మాట నిలబెట్టుకోవడం నా చేతిలో ఉంది.

మన జాగ్రత్త గురించి కూడా చెప్పాలి. నాతో పనిచేసిన ఒకతనికి వాడిన సూదికి మూత తొడుగుతుండగా వేలికి గుచ్చుకుంది. పేషెంటుకు హెచ్‌ఐవీ ఉంది. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదన్నది మొదటి పాఠం, కానీ అక్కడ నీడిల్ కట్టర్ పాడై వారమైంది, కొత్తది తెప్పించమంటే ఎవరూ పట్టించుకోలేదు. గుచ్చుకుంటే వేలు పిండకూడదు, సబ్బుతో నీళ్ల ధార కింద కడగాలి. వెంటనే చెప్పాలి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లో మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే లాభం లేదు. 28 రోజులు వాడాలి. గాంధీ, ఉస్మానియా లాంటి ఆస్పత్రుల్లోని ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) సెంటర్లలో ఇస్తారు. అలా ఒకసారి గుచ్చుకుంటే హెచ్‌ఐవీ సోకే అవకాశం వెయ్యికి మూడు, మందులు వాడితే ఇంకా తగ్గుతుంది. అతనికి తర్వాతి టెస్టులన్నీ నెగెటివ్ వచ్చాయి. కానీ ఆ నెల్లాళ్లు అతను ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక పడ్డ బాధ నేను చూశాను. హెపటైటిస్ బి సూది ద్వారా ఇంకా సులభంగా సోకుతుంది, దానికి టీకా ఉంది: సున్నా, ఒకటి, ఆరు నెలలకు మూడు డోసులు. ఆ తర్వాత రక్తపరీక్షలో యాంటీబాడీ పది దాటిందో లేదో చూసుకోవాలి. నేను మొదట చేరిన ల్యాబ్ కాంట్రాక్టు వాళ్లెవరికీ టీకా వేయించలేదు. మొదటి జీతంలోంచి నేనే వేయించుకున్నాను. ఇప్పుడు కొత్తగా చేరే ప్రతి పిల్లనూ మొదట దీని గురించే అడుగుతాను.

వాడిన సామాను ఎక్కడ వేయాలో 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల్లో ఉంది. సూదులు తెల్లటి గట్టి డబ్బాలో, సూది తీసేసిన సిరంజిలు, ప్లాస్టిక్ ట్యూబులు ఎరుపులో, రక్తం అంటిన దూది పసుపులో, గాజు నీలంలో. ఇళ్ల దగ్గర తీసినా సూదిని వాళ్ల చెత్తబుట్టలో వేసి రాకూడదు. పొద్దున్నే చెత్త ఏరే మనిషి చేతికి అది గుచ్చుకుంటుంది.

డబ్బు సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. నా మొదటి జీతం పన్నెండు వేలు. ఇళ్ల కలెక్షన్‌లో ఇంటికింత అని ఇన్సెంటివ్ కలుస్తుంది, పెట్రోల్ కొన్నిచోట్ల ఇస్తారు, కొన్నిచోట్ల మనదే. మధ్యాహ్నానికి పని అయిపోతుంది కాబట్టి చదువుకోవాలనుకునేవాళ్లకు బాగుంటుంది, నేను బీఎస్సీ అలాగే పూర్తి చేశాను. ఆడపిల్ల తెల్లవారుజామున తెలియని ఇంటికి వెళ్లడం మా అమ్మకు చాలాకాలం మింగుడుపడలేదు. నేను ప్రతి ఇంటికీ వెళ్లేముందు లొకేషన్ ఇంటికి పంపేదాన్ని, తలుపు తెరిచే ఉంచమనేదాన్ని, మనసుకు సరిగా అనిపించని చోట గడప దాటకుండా వెనక్కి వచ్చేశాను. దానికి టార్గెట్ తగ్గిందని ఒక సూపర్‌వైజర్ మాటలన్నాడు. అయినా ఆ నిర్ణయం మార్చుకోలేదు, మిమ్మల్నీ మార్చుకోవద్దంటాను.

గల్ఫ్‌కు వెళ్లాలనుకునేవాళ్లు సర్టిఫికెట్లు నిజమైనవేనా అని చూసే డేటాఫ్లో వెరిఫికేషన్, కంప్యూటర్‌లో రాసే ప్రోమెట్రిక్ పరీక్ష రెండూ దాటాలి. దానికి సర్టిఫికెట్లలో, ఎక్స్‌పీరియన్స్ లెటర్లలో పేరు, తేదీలు అక్షరం తేడా లేకుండా ఉండాలి. అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురు వర్క్ పర్మిట్ వచ్చాక ఇదే పనిలోకి వెళ్లింది. అక్కడ చాలా రాష్ట్రాల్లో లైసెన్స్ అక్కర్లేదు, ఏదో ఒక గుర్తింపున్న సర్టిఫికెట్‌ను ఆస్పత్రులే అడుగుతాయి. తనుండే కాలిఫోర్నియాలో మాత్రం లైసెన్స్ తప్పనిసరి. కొత్తవాళ్లు 40 గంటల క్లాసు, 40 గంటల ప్రాక్టికల్, నిజమైన మనుషులకు 50 సార్లు నరంలోంచి, 10 సార్లు వేలి నుంచి రక్తం తీసిన రుజువు చూపించాకే పరీక్ష. ఆ యాభై అన్న అంకె విన్నప్పుడు మన దగ్గర కూడా అలా రాసి పెట్టి ఉంటే ఎంత బాగుండు అనిపించింది. మన దేశంలో 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వచ్చింది, ల్యాబ్ టెక్నాలజీ దాని కిందికి వస్తుంది. ప్రాక్టికల్స్ విషయంలో అది గట్టిగా అమలైతే మాలాంటి వాళ్లకన్నా పేషెంట్లకే ఎక్కువ మేలు.

అందుకే ఫీజు కట్టే ముందు కాలేజీ వాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: ఏ ఆస్పత్రిలో, ఎన్ని నెలలు, మా చేత్తో రక్తం తీయనిస్తారు? ఆస్పత్రి పేరు చెప్పకుండా మాట దాటేస్తే ఇంకో కాలేజీ చూసుకోండి. పేరు చెప్తే, ఒకరోజు పొద్దున ఎనిమిదింటికి ఆ శాంపిల్ కౌంటర్ దగ్గరికి వెళ్లి, ఒక మూల నిలబడి రెండు గంటలు చూడండి. ట్యూబులకు లేబుళ్లు ఎప్పుడు అంటిస్తున్నారో, సూదులు ఎక్కడ వేస్తున్నారో, ముసలివాళ్లతో ఎలా మాట్లాడుతున్నారో గమనించండి. అక్కడ మీకు నచ్చిన పద్ధతిలో పనిచేసే టెక్నీషియన్ ఒక్కరు కనబడినా, వాళ్ల షిఫ్టు ఎప్పుడో కనుక్కుని ఆ బ్యాచ్‌లోనే చేరండి.